పన్నెండో నంబరు చుట్టం

2005 ఆగస్టులో హిందూపురంలోని ఒక ఆసుపత్రి ల్యాబుకు హైదరాబాదు నుంచి ఉత్తరం వచ్చింది. మర్యాదగా టైపు చేసిన తిట్ల ఉత్తరం. రాసింది ఉషారాణి, జన్యుశాస్త్రంలో పరిశోధన చేస్తున్న అమ్మాయి. ఆ జనవరిలో ఆమె బృందం అనంతపురం జిల్లాకు వచ్చి, ఈ ల్యాబు సాయంతో ఊరూరా శిబిరం పెట్టి, ఒక్కో కులం నుంచి యాభై మంది మగవాళ్ళ నెత్తురు పట్టుకుపోయింది. షరతు ఒక్కటే: ఆ యాభై మందిలో ఏ ఇద్దరికీ మూడు తరాల లోపల చుట్టరికం ఉండకూడదు. ‘మీరు పంపిన భూములున్న రైతు కులం జాబితాలో పన్నెండో నంబరు, యాభయ్యో నంబరు మగ వరసలో దగ్గరి బంధువులని తేలింది. డీఎన్ఏలో మేం చూసిన పదిహేడు చోట్లా తేడా లేదు. రెండూ పారేయాలి. ఇంత చిన్న నియమం కూడా పాటించకపోతే ఎలా?’

ల్యాబు టెక్నీషియన్ నాగభూషణం దాన్ని రెండుసార్లు చదివాడు. మూడోసారి చదవబోయి, స్టూలు మీంచి లేచి వరండాలోకి పోయాడు. యాభయ్యో నంబరు నెత్తురు ఆయనదే.

అది మోసమే. శిబిరం చివరి రోజు పెనుకొండలో యాభయ్యో మనిషి సూదిని చూడగానే, ఇప్పుడే వస్తానని చెప్పి మాయమయ్యాడు. వ్యాను ఇంజను ఆన్ చేసి ఉంది. ఐసు పెట్టె మూయాలి. నాగభూషణం తన మోచేతికి తనే రబ్బరు పట్టీ బిగించి, పళ్ళతో కొస పట్టుకుని, ఊదారంగు మూత గొట్టంలోకి నెత్తురు తీసి యాభై అని అంటించాడు. కులం గడిలో అప్పటిదాకా రాస్తూ వచ్చిందే రాశాడు. తన కులమేదో ఆయనకే తెలియదు కాబట్టి అబద్ధమని కూడా అనలేం. ఆ జాబితా ఒక్కటే నిండకుండా మిగలడం వట్టి యాదృచ్ఛికం. దీంట్లో విధి హస్తం వెతికేవాళ్ళు వెతుక్కోవచ్చు.

1958లో ధర్మవరం స్టేషను ప్లాట్‌ఫారం మీద దొరికిన రెండేళ్ళ పిల్లవాడు నాగభూషణం. స్టేషను మాస్టరు ఏదో ఒక పేరు రాయాలి కాబట్టి, చనిపోయిన తన తండ్రి పేరు రాశాడు. పెనుకొండలో సుశీలమ్మ అనే క్రైస్తవ నర్సమ్మకు పిల్లలు లేరు. ఆమె తెచ్చి పెంచుకుంది. ఆమె దగ్గర దాపరికం లేదు. ఐదో ఏట వాడు అడిగితే, "నువ్వు రైలు టేషన్లో దొరికినావు నాయనా" అని చెప్పింది. "వదిలేసిపోయినారా, తప్పిపోయినానా?" అని ఆ పిల్లవాడు అడిగాడు. ఆమెకు తెలియదు. ఎవరికీ తెలియదు. నలభై నాలుగేళ్ళుగా ఆయన్ని కుదురుగా కూర్చోనివ్వనిది ఆ ఒక్క ప్రశ్నే.

సమాధానాలు మాత్రం చాలామంది ఇచ్చారు. పాస్టరు గారు దేవుడే నీ తండ్రి అన్నారు. ఆసుపత్రి గుమాస్తా పూర్వజన్మ రుణమన్నాడు. అనంతపురంలో చదివొచ్చిన ఒక డాక్టరు మనుషులంతా ఒక్కటే కదా అని భుజం తట్టాడు. ముగ్గురికీ అమ్మానాన్నల పేర్లు నోటికి వచ్చు. అవి తెలిసినవాడు వాటికి విలువ లేదని చెప్పడం చాలా సులభం.

మన దగ్గర మనిషికి మొదట కావలసింది పేరు కాదు, వరస. బస్సులో పక్కన కూర్చున్నవాడు పది నిమిషాల్లో ఊరు అడిగి, ఇంటిపేరు అడిగి, ఎవరి కూతురిని ఎవరికి ఇచ్చారో తవ్వి, మామ అనో బావ అనో పిలుపు ఖాయం చేసుకుంటే తప్ప నిమ్మళంగా ఊపిరి తీసుకోడు. నాగభూషణం ఊరి పేరు దగ్గరే ఆగిపోయేవాడు. కులం దాచుకుంటున్నాడని అవతలివాడు మొహం తిప్పుకునేవాడు. 1990లలో చాలా ఆదివారాలు ఆయన ఇలా బస్సుల్లోనే గడిపాడు. హిందూపురంలో ఎక్కి పెనుకొండ మీదుగా ధర్మవరం, అక్కడ టీ తాగి మళ్ళీ వెనక్కి. పని ఏమీ లేదు. మొహాలు చూడటమే. ఒకసారి తన ముక్కులాంటి ముక్కు కనబడిందని ఒక మనిషి వెంట కదిరి దాకా పోయాడు. ఆ మనిషి ఈయన్ని జేబుదొంగ అనుకుని కేకలేశాడు.

"నలభై దాటినాక నాయన్ని వెతుక్కుంటా పోతాండారు. దొరికితే ఆయనేం జేస్తాడు, మిమ్మల్ని ఇస్కూల్లో చేర్పిస్తాడా?" అనేది భార్య నిర్మల.

ఉత్తరం వచ్చిన సాయంత్రమే ఆయన ఎస్టీడీ బూతు నుంచి ఉషారాణికి ఫోను చేసి, యాభై నేనే అని ఒప్పుకున్నాడు. ఆమె ఐదు నిమిషాలు తిట్టింది. తర్వాత శాస్త్రం చెప్పింది: ఆ ఇద్దరూ ఒక మగవాడి సంతతి. అన్నదమ్ములో, చిన్నాయన పెద్దనాయన కొడుకులో, తాతామనవళ్ళో ఈ పరీక్ష చెప్పదు. "తల్లి సంగతి?" అని అడిగాడు. "ఈ పరీక్ష తల్లిని చూడదండీ" అంది. పన్నెండో నంబరు పేరు ఎవరికీ చెప్పకూడదని హెచ్చరించి ఫోను పెట్టేసింది. చెప్పాల్సిన పని లేదు. పేర్ల రిజిస్టరు రాసింది ఆయనే.

పన్నెండు: పుల్లన్న, ముదిగుబ్బ దగ్గర ఒక పల్లె, వయసు యాభై మూడు.

ఆదివారం పొద్దున్నే నాగభూషణం వెళ్ళేసరికి పుల్లన్న శెనక్కాయ చేను గట్టు మీద నిలబడి మబ్బుల్ని తిడుతున్నాడు.

"యా ఊరప్పా?" అన్నాడు.

"హిందూపురం. జనవరిలో నెత్తురు తీసింది నేనే."

"ఆ! సూదాయప్ప! మల్లా వచ్చినావేమి? నాకు షుగరు గిగరు ఉండాదా?"

"షుగరు లేదు. చుట్టం ఉండాడు."

"యాడ?"

"నేనే."

పుల్లన్న నవ్వాడు. ఉత్తరం చదివి వినిపిస్తే నవ్వడం ఆపాడు. ఎట్లా, ఎప్పుడు, ఎవరు అని అడగలేదు. ఆయన మొదటి ప్రశ్న వేరే: "అయితే నిన్ను నేను ఏమని పిల్చల్ల?" పదిహేడు చోట్ల పోల్చి చూసిన హైదరాబాదు ల్యాబుకు తట్టని ప్రశ్న ఇది.

ఇంటికి తీసుకుపోయి మజ్జిగ ఇచ్చాడు. పుల్లన్న తమ్ముడు నాగేంద్ర ముదిగుబ్బలో బడి అయ్యవారు. కబురు అందగానే మోటారు సైకిలు మీద వచ్చేశాడు. అన్నలో ఉన్న కుతూహలం తమ్ముడిలో లేదు. ఆయన లెక్కలు వేయగలడు. ఆ ఇంట్లో అనుమానించదగ్గ మగవాళ్ళు ఇద్దరే. ఒకరు తమ నాయన హనుమంతు, రెండు ఆయన తమ్ముడు ఓబుళప్ప. ఇద్దరూ పోయారు. హనుమంతు అంటే అమ్మ రామక్కకు తలవంపులు, ఆమె ఇంకా బతికే ఉంది. ఓబుళప్ప అంటే పెండ్లి కాని మనిషి, ఆయన పాలికొచ్చిన నాలుగెకరాలు వీళ్ళే కలుపుకున్నారు. వారసుడు దిగితే అవి కదులుతాయి.

"నాకు భూమి వద్దు" అన్నాడు నాగభూషణం. "కాగితం మీద రాసిస్తా. నన్ను వదిలేసినారా, తప్పిపోయినానా, అదొక్కటి తెలిస్తే చాలు."

"భూమి మాట ఎవరెత్తినారన్నా ఇప్పుడు?" అన్నాడు నాగేంద్ర. తర్వాత తీరిగ్గా, "నెత్తురుకి తరాలు తెలీవని ఆ మేడమ్మే చెప్పిందంటివి కదా. అట్లయితే వరస మనం పెట్టుకునేదే" అన్నాడు.

ఆయన పెట్టింది ఇది: తమ ముత్తాతకు ఒక తమ్ముడు ఉండేవాడు. కరువుకు మడకశిర వైపు పోయి, కన్నడం నేర్చుకుని, అక్కడే ముసలితనంలో ఇంకో పెండ్లి చేసుకున్నాడు. నాగభూషణం ఆయన కొడుకు. ఆ ముసలాయన నిజంగా ఉన్నాడో లేడో ఎవరికీ తెలియదు. అదే ఆయనలోని సుగుణం. దూరపు చుట్టంగా ఒప్పేసుకుంటే దగ్గరి చుట్టంగా కోర్టుకు పోడని అయ్యవారి ధీమా.

పుల్లన్న వేళ్ళు మడిచి లెక్కేశాడు. "ఒరే, ఆ లెక్కన ఈయన మా తాతకి తమ్ముడు అయితాడు కదరా! నాకు తాత!" తనకంటే నాలుగేళ్ళు చిన్నవాణ్ణి ఎగాదిగా చూసి, "ఏం తాతా, బీడీ కాలుస్తావా?" అన్నాడు.

అరుగు మీద రామక్క వక్కాకు దంచుకుంటూ కూర్చుని ఉంది. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి. నాగభూషణం ఆమె దగ్గరికి పోయి అడిగాడు. ఆమె చెవి చూపించి తల అడ్డంగా ఊపింది. చెవుడట. ఆ మధ్యాహ్నమే దొడ్లో కోడి అరిస్తే ఆమె అరుగు మీంచే దాన్ని అదిలించడం ఆయన చూశాడు.

తర్వాత నాలుగు ఆదివారాలు ఆయన ఆ పల్లెకు పోయాడు. పోయినప్పుడల్లా అవే పలకరింపులు, అదే మజ్జిగ, అదే చెవుడు. "తాత కొలువు బాగుండాదా?" అని నిర్మల వెక్కిరించేది. వదిలిపెట్టమని కూడా చెప్పింది. వదిలిపెట్టలేకపోయాడు. ల్యాబులో రెండు రక్తపు గ్రూపులు తారుమారు రాసి, ఆఖరు క్షణంలో చూసుకుని దిద్దుకున్నాడు.

దసరా దాటాక ఆ ఇంటివాళ్ళు దేవర చేశారు. దేవర అంటే కులదేవతకు పొట్టేళ్ళు కోసి, దాయాదులందరూ కలిసి తినే పండగ. మడకశిర తాతను నలుగురి ముందు చుట్టంగా నిలబెట్టేయడానికి నాగేంద్రకు ఇంతకంటే మంచి రోజు దొరకదు. వరసలో పెద్దవాడు గనక పంక్తిలో మొదటి విస్తరి నాగభూషణానికి వేశారు. డెబ్భై ఏళ్ళ మనుషులు రెండో విస్తరి నుంచి సర్దుకున్నారు. నవ్వుకున్నారు గానీ తప్పుపట్టలేదు. వరస అంటే వరసే.

చిక్కు అక్కడే వచ్చింది. పుల్లన్నకు తాత అయితే, రామక్కకు మామ కావాలి. ఆ ఇండ్లలో కోడలు మామ ముందు కూర్చోదు. కొంగు నెత్తిన వేసుకుని లేచి నిలబడుతుంది. వయసుతో పని లేదు. దాయాదులందరి కళ్ళూ అరుగు మీదికి పోయాయి.

"అమ్మా, మామొచ్చినాడు. రోంత లేసి నిలబడు" అన్నాడు నాగేంద్ర, చెవిటివాళ్ళతో మాట్లాడే గొంతుతో.

రామక్క దంచే రాయి పక్కన పెట్టింది.

"యా మామ?"

"మడకశిర మామ. చెప్పింటిమి కదమ్మా."

"నా మొగుని కొడుక్కి నేను లేసి నిలబడల్లనా?"

అరిచి చెప్పలేదు. మామూలుగానే అంది. విస్తళ్ళ ముందున్న నలభై మందికీ వినబడింది.

నాగేంద్ర "అమ్మా!" అన్నాడు.

"ఏంరా అమ్మా? నీకు చేను పోతాదని భయం. నాకు పోయేదేముండాది? ఆయప్ప నాలుగు వారాల నుంచి వస్తాంటే మొగం చూస్తానే ఉండాను. మీ నాయన చెవులు, మీ నాయన నడక. మామంట, మామ! రేపు కాళ్ళకు మొక్కమంటావు."

ఇన్నేళ్ళుగా కాపాడుకున్న పరువును ఆమె మానవత్వంతో వదులుకుందని చెబితే బాగుంటుంది. కాదు. తన సవతి కొడుకు ముందు కోడలిలా నిలబడటం కంటే పరువు పోవడమే నయమనిపించింది, అంతే. నిజాలు చాలావరకు ఇలాగే బయటపడతాయి.

పంక్తి లేచాక నాగభూషణాన్ని పిలిచి అరుగు మీద కూర్చోమంది. ఆయన కూర్చోలేదు, స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. రామక్క చెప్పింది: "మునెమ్మ అని ఒకామె, కనగానపల్లి పక్కనుంచి శెనక్కాయ పెరికే కూలికొచ్చినాది. చేన్లో కొట్టంలో ఉండేది. నీకు నడకొచ్చేదాకా నేను కండ్లు మూసుకున్యా. మొగంలో మీ నాయన పోలిక తేలిపోతాంటే ఇంగ ఓర్చుకోలేక పంపిచ్చేసినా. నేనే. మీ నాయన ఆ పొద్దు కదిరికి పోయిండ్య."

"నన్ను టేషన్లో..."

"అది నేనెరుగను నాయనా. ఈడ నుంచి బిడ్డని సంకనేసుకోనే పోయింది."

"యా ఊరమ్మా ఆమెది?"

"పేరు నోటికి రావడంల్యా. దావ చూస్తే గుర్తుపడతా."

అంటే ఆమెనూ తీసుకుపోవాలి. పుల్లన్న వద్దన్నాడు, నాగేంద్ర మరీ వద్దన్నాడు. మంగళవారం పొద్దున్నే రామక్క తెల్లచీర కట్టుకుని బస్సు ఆగే చోట నిలబడి ఉంది. ధర్మవరంలో బస్సు మారారు. పక్కన సీటు ఖాళీగా ఉన్నా నాగభూషణం కమ్మీ పట్టుకుని నిలబడే ఉన్నాడు. కిటికీలోంచి చూస్తూ రామక్క రెండు ఊళ్ళు కాదంది. మూడో ఊరి దగ్గర వంక మలుపు చూసి, "ఈడనే, దించు" అంది.

మునెమ్మ ఇల్లు చూపించమంటే ఊరి వాళ్ళు చివరి వీధిలో ఒక రేకుల కొట్టం చూపించారు. అక్కడ మునెమ్మ అన్న కూతురు అంజినమ్మ ఉంటోంది. నలభై ఐదేళ్ళు ఉంటాయి, చింతపండు గింజలు తీస్తోంది. మునెమ్మ పోయి ఇరవై ఏళ్ళయింది. రామక్క రెండు మాటల్లో సంగతి చెప్పింది. అంజినమ్మ చేతులు దులుపుకుని నాగభూషణాన్ని పైనుంచి కిందికి చూసింది.

"మేనత్త కొడుకువా? అంటే బావవి. ఏం బావా, దావ ఇప్పుడు తెలిసిందా? నాకు పెండ్లయి, పిల్లలకి పిల్లలు పుట్టినాక వస్తివే!"

ఆయన నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. అంజినమ్మ అంత సులువుగా నమ్మేయడానికి కారణం మంచితనం అనుకోనక్కర్లేదు. ఆ ఇంట్లో పంచుకోవడానికి ఏమీ లేదు, అందుకే భయమూ లేదు. చెంబుతో నీళ్ళు తెచ్చి ఆయనకిచ్చింది. మీది కులంవాళ్ళు తమ ఇంట్లో తాగరని రామక్కకు ఇవ్వలేదు. రామక్క చెయ్యి చాపి చెంబు లాక్కుని తాగింది.

నాగభూషణం అడిగాడు. అడిగే మాట అదొక్కటే: "వదిలేసినాదా, తప్పిపోయినానా?"

అంజినమ్మ గడపలో కూర్చుంది. "అబద్ధం ఎందుకు చెప్పల్ల బావా. వదిలేసే వచ్చినాది. మా నాయన చెప్పుతుండ్య. ఆ ఏడు వానల్లేవు, ఇంట్లో గింజల్లేవు. బిడ్డతో వస్తే గడప తొక్కనియ్యనని మా తాత అన్యాడంట. ధర్మవరం టేషన్లో బెంచీ మీద కూకోబెట్టి, నీళ్ళ తొట్టి ఎనకాల నిలబడి చూసిందంట. టోపీ పెట్టుకున్యాయప్ప ఎవరో నిన్ను ఎత్తుకున్యాకే తిరుక్కోనొచ్చింది. తరువాత బళ్ళారి పక్క ఇచ్చినారు. పిల్లలు కాలా."

ఆయన కొట్టం చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. మళ్ళీ తిరిగాడు. అంజినమ్మ అన్నం తినిపొమ్మంది. ఇంకోసారి వస్తానన్నాడు.

"ఇంగో యాభై ఏండ్లకా?" అంది అంజినమ్మ, మొహం అటు తిప్పుకుని.

వంక మలుపు దగ్గర తిరుగు బస్సు కోసం ఎదురుచూస్తూ రామక్క రాయి మీద కూర్చుంది. ఎండ దిగలేదు. నాగభూషణం రోడ్డు మీద ఇటూ అటూ నడుస్తున్నాడు.

"రెండు సేర్ల రాగులిచ్చి పంపిస్తి" అంది రామక్క. ఆయన ఆగాడు.

"గాదెలో గింజలు లేక కాదు. ఉండ్య. రెండే ఇస్తి."

ఆయన ఆమె ఎదుటికి వచ్చాడు. మొహంలో కోపం ఉందో లేదో ఆమెకు సరిగా కనబడలేదు. అడగడం మాత్రం ల్యాబులో రోగిని అడిగినట్టే అడిగాడు.

"ఎన్ని సేర్లిచ్చింటే ఆమె నన్ను ఉంచుకునేది?"

రామక్క ఆ మాటను పక్కకు నెట్టలేదు. ఆ కరువు ఏ నెలలో మొదలైందో, మళ్ళీ వానలు ఎప్పుడు పడ్డాయో, ఒక మనిషికీ ఒక బిడ్డకూ నెలకు ఎన్ని గింజలు పడతాయో, వేళ్ళు మడుస్తూ లెక్క పెట్టడం మొదలుపెట్టింది. ఒకచోట తప్పి మళ్ళీ మొదటి నుంచి వచ్చింది. ఆయన కదలకుండా నిలబడి విన్నాడు. బస్సు వచ్చేసరికి ఆమె ఇంకా ఆరో నెలలోనే ఉంది.